బరువు తగ్గేవారికి మాంసకృత్తుల చిరుతిండి: ఎంపికలో చూడవలసిన అసలు కొలత

బరువు తగ్గాలన్న సంకల్పం సాధారణంగా ఉదయం అల్పాహారం దగ్గర చెదరదు, మధ్యాహ్న భోజనం దగ్గర కూడా చెదరదు. సాయంత్రం నాలుగున్నరకూ ఆరున్నరకూ మధ్య చెదురుతుంది. మధ్యాహ్నం అన్నం తగ్గించి తిన్నవారికి ఆ వేళకు ఆకలి ముదురుతుంది. టీతో పాటు చేతికందేవి రెండు బిస్కెట్లు, కాస్త కారప్పూస, లేదంటే వీధి చివరి బజ్జీలు. పగలంతా పాటించిన సంయమనం ఆ అరగంటలో కరిగిపోతుంది.

ఈ సమస్యకు పరిష్కారంగా కొన్నేళ్లుగా ‘ప్రోటీన్’ అన్న మాట వినిపిస్తోంది. ప్రోటీన్ బార్లు, ప్రోటీన్ బిస్కెట్లు, ప్రోటీన్ చిప్స్, ప్రోటీన్ కలిపిన పానీయాలు దుకాణాల్లో ప్రత్యేక అరలనే ఆక్రమించాయి. సలహాలో సత్యం ఉంది. మాంసకృత్తులు తగినంతగా ఉన్న చిరుతిండి ఆకలిని ఎక్కువసేపు అదుపులో ఉంచుతుంది. అయితే ఒక పదార్థంలో మాంసకృత్తులు ఉన్నాయా లేవా అన్నది అసలు ప్రశ్న కాదు. వాటితో పాటు ఎంత నూనె, ఎంత చక్కెర, ఎన్ని కేలరీలు లోపలికి వెళుతున్నాయన్నదే అసలు ప్రశ్న. ఆ లెక్క తెలిసినవారికి మంచి ఎంపికలు చాలావరకు సొంత వంటింట్లోనే కనిపిస్తాయి.

బరువు తగ్గడంలో మాంసకృత్తుల పాత్ర

మాంసకృత్తులు కొవ్వును కరిగించవు. శరీరం ఖర్చు చేసే శక్తి కంటే ఆహారం ద్వారా అందే శక్తి తక్కువగా ఉన్నప్పుడే బరువు తగ్గుతుంది. మాంసకృత్తులు ఆ లోటును భరించడం సులభం చేస్తాయి. ఇందుకు మూడు కారణాలున్నాయి.

మొదటిది తృప్తి. సమాన కేలరీలు గల పిండిపదార్థాలతో, కొవ్వులతో పోల్చితే మాంసకృత్తులు సాధారణంగా కడుపు నిండిన భావనను ఎక్కువసేపు నిలుపుతాయి. రెండవది జీర్ణక్రియకు అయ్యే ఖర్చు. మాంసకృత్తుల నుంచి లభించే శక్తిలో 20 నుంచి 30 శాతం వాటిని జీర్ణం చేసుకోవడానికీ, శరీరం వినియోగించుకోవడానికీ ఖర్చవుతుంది. పిండిపదార్థాల విషయంలో ఇది 5 నుంచి 10 శాతం కాగా, కొవ్వుల విషయంలో 3 శాతం లోపే. మూడవది కండర రక్షణ. ఆహారం తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కొంత కండర ద్రవ్యరాశిని కూడా శరీరం కోల్పోతుంది. తగినన్ని మాంసకృత్తులు తీసుకుంటూ, కండరాలకు పని కల్పించే వ్యాయామం చేసేవారిలో ఈ నష్టం తగ్గుతుంది.

‘మాంసకృత్తులు’ అన్న పారిభాషిక పదం మన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. అందులోని ‘మాంస’ శబ్దం వల్ల ఇవి మాంసాహారంలోనే ఉంటాయన్న అపోహ కూడా కొందరిలో నిలిచిపోయింది. పప్పుధాన్యాలు, సోయా, పాలు, గింజలు కూడా వీటికి మంచి ఆధారాలే.

ఎవరికి ఎంత అవసరం?

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతులైన వయోజనులకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సిఫారసు చేశారు. 65 కిలోల పురుషునికి ఇది సుమారు 54 గ్రాములు, 55 కిలోల మహిళకు సుమారు 46 గ్రాములు అవుతుంది. ఊబకాయం ఉన్నవారు ప్రస్తుత బరువును కాక, తమ ఎత్తుకు తగిన ఆరోగ్యకరమైన బరువును ఆధారంగా తీసుకోవాలి.

ఇదే సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఒక ముఖ్యమైన విషయాన్ని ప్రస్తావించాయి. భారతీయుల రోజువారీ శక్తిలో 50 నుంచి 70 శాతం ధాన్యాల నుంచే వస్తోంది. పప్పులు, మాంసం, కోడి, చేపలు అన్నీ కలిపి 14 శాతం శక్తిని అందించవలసి ఉండగా 6 నుంచి 9 శాతం మాత్రమే అందిస్తున్నాయి.

ఈ నేపథ్యంలో 60 కిలోల మహిళ ఒక రోజు ఆహారాన్ని ఉదాహరణగా చూద్దాం. ఆమెకు రోజుకు సుమారు 50 గ్రాములు అవసరం. ఉదయం మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ తింటే 8 గ్రాములు, మధ్యాహ్నం రెండు కప్పుల అన్నం, పప్పు, కూర, పెరుగుతో 18 గ్రాములు, రాత్రి రెండు చపాతీలు, కూర, గ్లాసు పాలతో 12 గ్రాముల వరకు వస్తాయి. మొత్తం 38 గ్రాములు. ఇంకా 12 గ్రాముల లోటు మిగిలే ఉంది. బరువు తగ్గడానికి ఆమె అన్నంతో పాటు పప్పు, పెరుగు కూడా తగ్గించుకుంటే ఆ లోటు మరింత పెరుగుతుంది. సాయంత్రం చిరుతిండిని జాగ్రత్తగా ఎంచుకోవలసింది ఈ కారణం చేతనే. ఆకలి తీర్చడంతో పాటు రోజు లెక్కలోని ఖాళీని కూడా అది పూరించాలి.

అసలు కొలత: వంద కేలరీలకు ఎన్ని గ్రాములు?

‘వంద గ్రాముల బాదంలో 18 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి’ అన్నది నిజమే. అదే వంద గ్రాముల బాదంలో 600 కేలరీలు ఉన్నాయన్నదీ అంతే నిజం. బరువు తగ్గదలచిన వారికి ఈ రెండు అంకెలూ కలిపి చూడడం అవసరం. ఇందుకు సులభమైన పద్ధతి, ఒక పదార్థం నుంచి వంద కేలరీలు వచ్చేలా తింటే అందులో ఎన్ని గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయో చూడడం. సాధారణంగా తినే పదార్థాల విషయంలో ఆ లెక్క సుమారుగా ఇలా ఉంటుంది:

• కోడిగుడ్డు తెల్లసొన: 20 గ్రాములు
• మీల్ మేకర్ (సోయా ముక్కలు): 15 గ్రాములు
• ఉడికించిన పూర్తి కోడిగుడ్డు: 8 గ్రాములు
• పెసలు: 7 గ్రాములు
• పనీర్: 7 గ్రాములు
• శనగలు (ఉడికించినవి, నూనె లేకుండా వేయించినవి): 6 గ్రాములు
• టోన్డ్ పాలతో తోడుపెట్టిన పెరుగు: 5 గ్రాములు
• వేరుశనగ గింజలు: 4.5 గ్రాములు
• బాదం: 3 గ్రాములు
• పల్లీ పట్టీ: 2.5 గ్రాములు
• మరమరాలు: 2 గ్రాములు
• సాధారణ బిస్కెట్లు: 1.5 గ్రాములు

రకాన్ని బట్టి, వండే విధానాన్ని బట్టి ఈ అంకెలు కొంత మారతాయి. చిరుతిండిగా ఎంచుకునేటప్పుడు వంద కేలరీలకు 5 గ్రాములు, అంతకుమించి ఇచ్చేవాటికి మొదటి ప్రాధాన్యం ఇవ్వడం ఆచరణకు అనువైన నియమం. అంతకంటే తక్కువ ఉన్నవి తినకూడనివి కావు. కాకపోతే వాటిని తినేటప్పుడు పరిమాణంపై అదనపు శ్రద్ధ అవసరం.

వంటింట్లోని ఎంపికలు

*గుగ్గిళ్లు.* తెలుగు ఇళ్లలో గుగ్గిళ్లు, కన్నడ నాట గుగ్గరి, తమిళనాట సుండల్, తూర్పు రాష్ట్రాల్లో ఘుగ్ని. పేర్లూ, తాళింపులూ వేరైనా నానబెట్టి ఉడికించిన శనగలో, బఠాణీలో, అలసందలో వీటన్నిటికీ మూలం. శ్రీలంక వీధుల్లో కొబ్బరి ముక్కలతో అమ్మే ‘కడల’, బంగ్లాదేశ్‌లో రంజాన్ ఇఫ్తార్ పళ్లెంలో కనిపించే ‘ఛోలా’ కూడా శనగలతో చేసినవే. 30 గ్రాముల ఎండు శనగలు నానబెట్టి ఉడికిస్తే ఒక చిన్న గిన్నెడు అవుతాయి. అందులో అయిదారు గ్రాముల మాంసకృత్తులతో పాటు మంచి మోతాదులో పీచు కూడా లభిస్తుంది. తృప్తి కలగడంలో పీచుకూ భాగం ఉంది. తాళింపు నూనెను ఒక చెంచాకు పరిమితం చేస్తే చాలు. ఒక చెంచా నూనె అంటే 45 కేలరీలు.

*మొలకలు.* పెసలను మొలకెత్తిస్తే మాంసకృత్తులు పెరుగుతాయన్న నమ్మకం ప్రచారంలో ఉంది. పెరిగేది విటమిన్ సి. జీర్ణం కావడం కూడా కొంత సులభమవుతుంది. మాంసకృత్తుల మొత్తం దాదాపు అంతే ఉంటుంది. నీరు చేరడం వల్ల వంద గ్రాముల మొలకల్లో వాటి పరిమాణం ఎండు గింజలతో పోల్చితే బాగా తక్కువ. మొలకెత్తే వెచ్చని, తేమ వాతావరణంలో హానికర సూక్ష్మజీవులు కూడా పెరిగే అవకాశం ఉన్నందున పచ్చిగా కాక, కొద్దిసేపు ఆవిరిపై ఉడికించి తినడం క్షేమం.

*వేయించిన శనగలు, సత్తు.* ఆఫీసు సొరుగులో, ప్రయాణపు సంచిలో నిల్వ ఉంచుకోవడానికి పొట్టుతో వేయించిన శనగలు, పుట్నాలు అనువైనవి. చారెడు, అంటే సుమారు 30 గ్రాములు తింటే ఆరు గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. బిహార్, జార్ఖండ్, తూర్పు ఉత్తరప్రదేశ్‌లలో వేయించిన శనగలను పిండి పట్టి ‘సత్తు’గా వాడతారు. ఆ పిండిని నీళ్లలో కలిపి ఉప్పు, నిమ్మరసం, జీలకర్ర చేర్చిన పానీయం అక్కడి శ్రామికులకు వేసవి ఆహారం. చక్కెర కలపకపోతే బరువు తగ్గేవారికీ అనువైనదే.

*కోడిగుడ్డు.* ఉడికించిన గుడ్డు ఒకటి ఆరు గ్రాముల మాంసకృత్తులు, 75 కేలరీలు ఇస్తుంది. అన్ని ఆవశ్యక అమైనో ఆమ్లాలూ ఇందులో సమపాళ్లలో ఉంటాయి. ఆమ్లెట్‌గా వేస్తే నూనెను లెక్కలో చేర్చుకోవాలి. పచ్చి గుడ్డు తాగడం వల్ల అదనపు ప్రయోజనం లేదు. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ను శరీరానికి అందకుండా చేస్తుంది. సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ముప్పు కూడా ఉంటుంది.

*పెరుగు, మజ్జిగ, పనీర్.* పూర్తి కొవ్వు పాలలో కనీసం 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం కొవ్వు ఉంటుంది. మూడింటిలోనూ మాంసకృత్తులు ఇంచుమించు సమానమే. అందువల్ల పాల రకం మార్చుకున్నంత మాత్రాన మాంసకృత్తులు తగ్గకుండా కేలరీలు తగ్గుతాయి. పెరుగును పలుచని గుడ్డలో కట్టి నీరు వార్చితే మిగిలే చిక్కని పెరుగులో మాంసకృత్తుల సాంద్రత ఎక్కువ. కీర దోసకాయ ముక్కలు, మిరియాల పొడి కలిపితే అదే ఒక చిరుతిండి. 50 గ్రాముల పనీర్‌లో 9 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అయితే కొవ్వు కూడా దాదాపు అంతే ఉంటుంది కాబట్టి నూనెలో వేయించకుండా తినాలి.

*మీల్ మేకర్.* నూనె తీసిన సోయా పిండితో చేసే ఈ ముక్కలు శాకాహారులకు అందుబాటులో ఉన్న అత్యంత సాంద్రమైన ఆధారం. 25 గ్రాముల ఎండు ముక్కల్లో సుమారు 13 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, క్యాప్సికం ముక్కలతో పెనంపై వేపుకోవచ్చు.

*వేరుశనగలు, బాదం.* ఇవి పోషకాహారమే. వీటిలోని కొవ్వులో ఎక్కువ భాగం గుండెకు మేలు చేసే రకం. చిక్కంతా పరిమాణంతోనే. టీవీ చూస్తూ వంద గ్రాముల పల్లీలు ఖాళీ చేస్తే ఒక పూట భోజనానికి సరిపడా 500 కేలరీలు దాటుతాయి. డబ్బాలోంచి నేరుగా తినకుండా చారెడు గింజలు గిన్నెలోకి తీసుకుని డబ్బా మూత పెట్టడమే దీనికి నివారణ. వేయించినవాటి కంటే ఉడికించిన పల్లికాయలు మేలు. నీరు చేరడం వల్లా, ఒక్కొక్కటి ఒలుచుకోవలసి రావడం వల్లా తక్కువతోనే తృప్తి కలుగుతుంది. బూజు పట్టిన, రంగు మారిన, చేదు తగిలిన గింజలను పారవేయాలి. వాటిలో కాలేయానికి హాని చేసే అఫ్లాటాక్సిన్ ఉండవచ్చు.

ధాన్యం, పప్పు కలిస్తే

పప్పుధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం సమృద్ధిగానూ, మెథియోనిన్ తక్కువగానూ ఉంటాయి. బియ్యం, గోధుమల వంటి ధాన్యాల్లో ఇందుకు భిన్నం. రెండూ కలిసినప్పుడు ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుంది. మరమరాల్లో పుట్నాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలపడం, పెసరట్టు పిండిలో కొన్ని బియ్యం వేయడం వంటి అలవాట్లు రుచి కోసమే మొదలై ఉండవచ్చు. పోషణపరంగా కూడా అవి సరైనవే. రెండూ ఒకే పళ్లెంలో ఉండవలసిన అవసరం మాత్రం లేదు. రోజు మొత్తంలో రెండు రకాలూ తింటే సరిపోతుంది.

పొట్లం మీది మాటకు అర్థం

భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018లో జారీ చేసిన నిబంధనల ప్రకారం, ఘనాహారం విషయంలో వంద గ్రాములకు రోజువారీ సిఫారసులో 10 శాతం మాంసకృత్తులు ఉంటే ఆ పదార్థాన్ని మాంసకృత్తులకు ‘ఆధారం’ అనీ, 20 శాతం ఉంటే ‘సమృద్ధి’ అనీ చెప్పుకోవచ్చు. రోజుకు 54 గ్రాముల లెక్కన 20 శాతమంటే సుమారు 11 గ్రాములు.

ఇప్పుడు సగం పల్లీలు, సగం బెల్లంతో చేసిన పట్టీని తీసుకుందాం. వంద గ్రాముల పట్టీలో పల్లీల నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. గ్రాముల కొలత ప్రకారం అది ‘సమృద్ధి’ కిందికే వస్తుంది. అదే పట్టీలో సగం బెల్లమే. వంద కేలరీల లెక్కన చూస్తే దక్కేది రెండున్నర గ్రాములే. పొట్లం ముందు భాగంలోని మాట అబద్ధం కాదు. కొనేవారికి కావలసిన పూర్తి సమాచారం మాత్రం అక్కడ ఉండదు.

ఆ సమాచారం వెనుక భాగంలో ఉంటుంది. మూడు అంశాలు చూస్తే చాలు. ఒకటి, పోషక పట్టికలో మాంసకృత్తుల గ్రాములు, కేలరీలు. గ్రాములను వందతో గుణించి కేలరీలతో భాగిస్తే పైన చెప్పిన కొలత వస్తుంది. రెండు, అదనంగా కలిపిన చక్కెర, ఉప్పుకు సంబంధించిన సోడియం అంకెలు. మూడు, దినుసుల జాబితా. దినుసులను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నిబంధన. జాబితాలో మొదట మైదా, చక్కెర, పామాయిల్ కనిపిస్తే ముందు భాగంలో ఏమి రాసినా అది బిస్కెట్టే.

మాంసకృత్తుల పొడుల విషయంలో జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు స్పష్టమైన హెచ్చరిక చేశాయి. శరీరం పెంచుకోవడానికి వీటిని వాడవద్దనీ, వీటిలో చక్కెరలు, కృత్రిమ తీపి పదార్థాలు, పరిమళాలు కలిసి ఉండవచ్చనీ పేర్కొన్నాయి. అవసరమున్న రోగులకు వైద్యులు సూచించడం వేరు. ఆరోగ్యవంతులు సాధారణ ఆహారంతోనే అవసరం తీర్చుకోవచ్చు.

ఒక సాయంత్రం లెక్క

నాలుగు బిస్కెట్లు, 50 గ్రాముల కారప్పూస తింటే 400 కేలరీలు దాటుతాయి. కారప్పూసలో శనగపిండి ఉంది కాబట్టి ఏడెనిమిది గ్రాముల మాంసకృత్తులు కూడా వస్తాయి. దానికి బదులు చిన్న గిన్నెడు శనగ గుగ్గిళ్లు, ఒక ఉడికించిన గుడ్డు తింటే చెంచా నూనెతో కలిపి 220 కేలరీలు, సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. గుడ్డు తిననివారు ఆ స్థానంలో 150 గ్రాముల పెరుగు తీసుకోవచ్చు. తేడా రోజుకు దాదాపు 200 కేలరీలు. మిగతా ఆహారం యథాతథంగా ఉంటే, బరువు నెమ్మదిగా తగ్గడానికి ఇటువంటి మార్పే ఆరంభం. పైగా ముందు చూసిన ఉదాహరణలోని 12 గ్రాముల లోటు కూడా పూడుతుంది.

ఇక్కడ ఒక షరతు ఉంది. ఈ చిరుతిండి బిస్కెట్ల స్థానంలో రావాలి. బిస్కెట్లు, కారప్పూస యథావిధిగా తిని, ఆరోగ్యం కోసమని గుగ్గిళ్లు అదనంగా తింటే కేలరీలు పెరుగుతాయే కానీ తగ్గవు. అలాగే సాయంత్రం ఆకలి లేనివారు మాంసకృత్తుల కోసం బలవంతంగా చిరుతిండి తినవలసిన పని లేదు. భోజనంలో పప్పు, పెరుగు, గుడ్డు పెంచుకున్నా ఫలితం ఒకటే.

ఎవరు జాగ్రత్త పడాలి?

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నవారు మాంసకృత్తులను వైద్యుని సలహా లేకుండా పెంచకూడదు. మధుమేహానికి మందులు వాడేవారు ఆహార వేళలు, పరిమాణాలు మార్చే ముందు వైద్యుణ్ని సంప్రదించాలి. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే ప్రయత్నాలు సొంతంగా చేయరాదు. వేరుశనగ, సోయా, పాలు, గుడ్డు పడనివారు వాటికి దూరంగా ఉండాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు పట్టించిన శనగలు, పల్లీలకు బదులు ఉప్పు లేనివి ఎంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములకు మించరాదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 24 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. తెలంగాణలో ఇది 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. ఇంత విస్తృతమైన సమస్యకు ఖరీదైన బార్లు పరిష్కారం కాలేవు. అందరికీ అందుబాటులో ఉన్నవి రాత్రి నానబెట్టిన గుప్పెడు శనగలు, ఒక గుడ్డు, గ్లాసెడు మజ్జిగ. ‘చిరుతిండి’ అన్న మాటలో ‘చిరు’ అంటే చిన్నదని అర్థం. ఏమి తినాలన్నది ఎంచుకున్నాక, ఎంత తినాలన్నది ఆ మాటే గుర్తుచేస్తుంది.